చైత్రంలో వచ్చిన సారె

ఓట్లు రెండోసారి లెక్కపెట్టినా తేడా రాలేదు. బస్టాండులో టీకొట్టు నడిపే బచులీ దేవికి ఎన్ని పడ్డాయో, ఊళ్లోకెల్లా పెద్ద హోటలు యజమాని భార్య కమలా మెహరాకు సరిగ్గా అన్నే పడ్డాయి. కొండ మీది బాంజ్‌ధార్ ఊరికి నగర పంచాయతీ వచ్చిన నాటి నుంచీ ఇలాంటి వింత ఎవరూ ఎరగరు. ఇంటర్ కాలేజీ హాల్లో చలికి చేతులు రుద్దుకుంటూ కూర్చున్న ఎన్నికల అధికారి, నిబంధనల పుస్తకం అటూ ఇటూ తిరగేసి, చీటీలు వేయడం తప్ప గత్యంతరం లేదన్నాడు. రెండు కాగితం ముక్కల మీద రెండు పేర్లు రాసి, ఒకేలా మడిచి, బల్ల మీదున్న స్టీలు జగ్గులో వేసి కుదిపాడు. ముఖం పక్కకు తిప్పుకుని ఒకటి తీశాడు.

బచులీ పేరు వచ్చింది.

కమల భర్త ప్రతాప్ మెహరా టోపీ సర్దుకుంటూ మెట్లు దిగి, అందరికీ వినపడేలా అన్నాడు. "జనం గెలిపించిన అధ్యక్షురాలు కాదమ్మా, జగ్గు గెలిపించిన అధ్యక్షురాలు."

"జగ్గయితే ఏం దాజ్యూ, దాహం వేసినవాడికి నీళ్లు పోస్తుందిగా" అంది బచులీ. అన్నయ్యా అని పిలిచి మరీ అంది ఆ మాట. జనం నవ్వారు. 'జగ్గు అధ్యక్షురాలు' అన్న పేరు మాత్రం సాయంత్రానికల్లా బజారంతా పాకిపోయింది.

ఆమె పుట్టింది కొండ కింది సునోలీలో. ముందు పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పొత్తిళ్లలోనే పోతే, ఇదైనా బతికి బట్టకట్టాలని తల్లి బచులీ అని పేరు పెట్టింది. బతికింది అని అర్థం. జీపు నడిపే డుంగర్ సింగ్‌ను పెళ్లాడి పైకి వచ్చి, బస్టాండులో రేకుల కొట్టు పెట్టింది. ఉదయం మొదటి బస్సుకు ముందే పొయ్యి వెలిగేది. ఆవాలు వేసి వేయించిన ఆలుగడ్డలు, దోసకాయ రాయతా, అల్లం దంచి వేసిన టీ. డ్రైవర్లు ఆమె కొట్టు దాటి పోయేవారు కారు.

ఎన్నికల్లో నిలబడాలని ఆమెకు ఏనాడూ లేదు. ఆ దఫా అధ్యక్ష స్థానం ఆడవాళ్లకు కేటాయించారు. ఎవరికి వాళ్లు భార్యల్ని నిలబెట్టి, పోస్టర్లలో భార్య బొమ్మ చిన్నదీ తమ బొమ్మ పెద్దదీ వేయించుకున్నారు. అది చూసి బస్టాండులో కూరగాయలమ్మే ఆడవాళ్లకు ఒళ్లు మండింది. వాళ్ల బాధ వేరు. బస్టాండులో ఆడవాళ్ల మరుగుదొడ్డికి ప్రారంభోత్సవం జరిగిన మర్నాడే తాళం పడింది. ఆ తాళం అలాగే తుప్పు పట్టింది. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా రోడ్డు పక్కన కూర్చునేవాళ్లు నీళ్లు తాగడమే తగ్గించుకున్నారు. "నువ్వయితే నలుగురితో మాట్లాడగలవు దీదీ, నువ్వు నిలబడు" అని వాళ్లే పట్టుబట్టారు. బచులీ ఇచ్చిన హామీ ఒక్కటే: తాళం తీయిస్తాను.

ప్రమాణ స్వీకారం అయిన రోజే ఆమె తాళంచెవి అడిగింది. అది పాత కాంట్రాక్టరు దగ్గరుందన్నారు. ఆ కాంట్రాక్టరు ఊళ్లో లేడన్నారు. ఆమె కొట్టుకు వెళ్లి, బొగ్గులు పగలగొట్టే సుత్తి తెచ్చి, రెండు దెబ్బల్లో తాళం ఊడగొట్టింది. దిగువ మైదానాల నుంచి కొత్తగా వచ్చిన కార్యనిర్వాహక అధికారి నిశాంత్ సక్సేనా, ఒకదాని మీద ఒకటి రెండు స్వెట్టర్లు తొడుక్కుని, పక్కనే నిలబడి నీళ్లు నమిలాడు. "అధ్యక్ష్ జీ, ఇది ప్రభుత్వ ఆస్తి."

"అవును సాబ్. అందుకే వాడుకోమంటున్నాను."

ఇంకో తాళం ఇంటి మనిషి దగ్గరే తీయాల్సి వచ్చింది. మర్నాడు ఆమె ఆఫీసుకు వెళ్లేసరికి అధ్యక్షురాలి కుర్చీలో డుంగర్ సింగ్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. చుట్టూ నలుగురు స్నేహితులు. ఊళ్లో అదే ఆనవాయితీ. కుర్చీ భార్యది, కూర్చునేది భర్త.

"ఏమయ్యా, నీ జీపులో నేను ఎప్పుడైనా స్టీరింగ్ ముందు కూర్చున్నానా?"

"నీకు నడపడం వస్తేగా."

"నీకిది నడపడం వచ్చా?"

"నీకొచ్చా ఏంటి?"

"రాదు. నేర్చుకోవాలంటే కుర్చీ ఖాళీగా ఉండాలిగా. లే, బండికి జనం ఎదురు చూస్తున్నారు."

స్నేహితుల ముందు చిన్నబోయినా, డుంగర్ మంచివాడు. లేచి వెళ్లాడు. రాత్రి అన్నం తినేటప్పుడు మాత్రం, "నలుగురి ముందూ అనకుండా ఉండాల్సింది" అన్నాడు. "నలుగుర్నీ నువ్వే తెచ్చుకున్నావు" అంది ఆమె, అతని కంచంలో ఇంకో గరిటె నల్లసోయా పులుసు పోస్తూ.

బస్టాండు వెనక నేల ఒక్కసారిగా తెగి, లోయలోకి జారిపోతుంది. అక్కడ గోడ లేదు, కంచె లేదు. ఊరు పుట్టినప్పటి నుంచీ ఊరి చెత్తంతా అటే. హోటళ్ల ఎంగిలాకులు, దుకాణాల అట్టపెట్టెలు, పెళ్లిళ్ల థర్మోకోల్ ప్లేట్లు, మంగలి కొట్లో వెంట్రుకలు, అన్నీ ఆ అంచు మీంచి కిందికే. ఒకప్పుడు ఆకులూ కాగితాలూ కనుక మట్టిలో కలిసిపోయేవి. ఇప్పుడు కలవనివి వచ్చాయి. పంచాయతీ బండి కూడా ఊరంతా తిరిగి చెత్త పోగుచేసి చివరికి అక్కడే కుమ్మరించేది. బచులీ తన కొట్టు వెనక తలుపు తీసి, టీపొడి పిప్పి, గుడ్డు పెంకులు, పాల కవర్లు ఏళ్ల తరబడి విసిరింది. అవి ఎక్కడికి పోతున్నాయని ఆమెకు ఎన్నడూ తట్టలేదు. దేవదారు చెట్ల వెనక కనపడకుండా పోతే పోయినట్టే అనుకుంది. ఆ చెట్ల కింద వాగు ఉందనీ, ఆ వాగు సునోలీకి పోతుందనీ ఆమెకు తెలియకా కాదు. చిన్నప్పుడు అందులో చేపలు పట్టింది. తెలిసినవి రెండూ ఆమె తలలో ఎప్పుడూ పక్కపక్కన కూర్చోలేదు, అంతే.

అధ్యక్షురాలైన రెండో ఏడు చైత్రం వచ్చింది. కొండ మీద బురాంశ్ చెట్లు ఎర్రగా విరగబూశాయి. చైత్రంలో గువ్వ కూస్తే ఇక్కడి ఆడవాళ్ల ప్రాణం పుట్టింటి మీదికి పోతుంది. ఆ నెలలో అన్నో తమ్ముడో సారె పట్టుకుని రావాలి; పూరీలు, బెల్లం, నేతిలో వేయించిన పిండివంట, ఒక చీర. భిటౌలీ అంటారు దాన్ని. బచులీ అన్న దేవ్ సింగ్ పెళ్లయిన నాటి నుంచి ఒక్క ఏడాదీ తప్పలేదు. ఒకసారి జ్వరంతో వణుకుతూ కూడా ఎక్కి వచ్చాడు. ఈసారి నెల సగం దాటినా జాడ లేదు. పొలం పనుల్లో ఉన్నాడేమోలే అని సరిపెట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే ఆఫీసులో కుళాయి పైపుల సంగతి మాట్లాడుతుండగా బయట అలికిడి అయింది. సునోలీ ఆడవాళ్లు వచ్చారు. వీపు మీద గడ్డి మోసే బుట్టలు, చెమటకు అతుక్కుపోయిన తలగుడ్డలు. ముందున్నది దేవ్ సింగ్ భార్య ఖష్టీ. ఆమె వరండాలోకి వచ్చి, వీపు వంచి, బుట్ట తలకిందులు చేసింది. వెనకే ఒక్కొక్కరూ తమ బుట్టలు కుమ్మరించారు. నూడుల్స్ కవర్లు, మందు సీసాలు, పసిపిల్లల డైపర్లు, హోటలు గదుల్లో ఇచ్చే తెల్ల చెప్పులు. అన్నీ బురద పట్టి నానిపోయి ఉన్నాయి. కంపుకు గుమాస్తా ముక్కు మూసుకుని కిటికీ దగ్గరికి పరిగెత్తాడు.

"లే అధ్యక్షురాలా" అంది ఖష్టీ. "చైత్రం కదా. పుట్టింటి సారె తెచ్చాం. చూసి తీసుకో."

బచులీ లేచి నిలబడింది. "బోజీ..." అని వదినను పిలిచింది. "అన్నయ్యేడీ?" అంది.

"మీ అన్నయ్య రాడు. ఈనిన ఆవు పోయింది. కడుపు కోసి చూస్తే గడ్డి లేదు, మీ ఊరి కవర్లున్నాయి. ఆ ముద్ద కూడా తెచ్చేదాన్నే, కంపుకు మోయలేకపోయాను. పోయిన వానాకాలం ఊళ్లో పిల్లలకు వరసపెట్టి కామెర్లు వచ్చాయి. మీ నీళ్లు పైనుంచి పైపులో వస్తాయి, అద్దంలా తేటగా ఉంటాయి. మావి మీ మీదుగా వస్తాయి."

గొడవ విని ప్రతాప్ మెహరా వచ్చేశాడు. "ఏంటీ దౌర్జన్యం? సర్కారీ ఆఫీసులో చెత్త పోస్తారా? సక్సేనా సాబ్, పోలీసుల్ని పిలవండి."

సక్సేనా ఫోను తీసి అధ్యక్షురాలి వైపు చూశాడు.

"ఫోను చేసి టీ చెప్పండి సాబ్" అంది బచులీ. "సారె తెచ్చినవాళ్లను ఉత్త నోటితో పంపే ఇల్లు ఈ కొండల్లో ఎక్కడైనా ఉందా?"

టీ వచ్చింది. ఒక్కరూ ముట్టలేదు. గ్లాసుల మీద మీగడ కట్టింది. ఖష్టీ ఖాళీ బుట్ట వీపుకు ఎత్తుకుంటూ, "ఇప్పుడు చేస్తాం, రేపు చేస్తాం అని చెప్పకు. ఆ మాటలు మోయడానికి బుట్టలు చాలవు" అంది.

"చెప్పను" అంది బచులీ. "మీతో కిందికి వస్తాను. పదండి."

చీర కొంగు నడుముకు చుట్టి ఆమె నిజంగానే బయల్దేరింది. ఎప్పుడూ పుట్టింటికి వెళ్లేది జీపు రోడ్డు చుట్టు తిరిగి. ఈసారి వాగు వెంట కాలిబాటలో దిగింది. ఓక్ చెట్ల నీడలో, నాచు పట్టిన బండల మధ్య చిన్నప్పుడు తను ఉరికిన బాట అది. వాగు మలుపు తిరిగాక ఆమె ఆగిపోయింది. కొండ చరియ మొత్తం రంగురంగుల గుడ్డలు ఆరేసినట్టు ఉంది. కొమ్మలకు కవర్లు వేలాడుతున్నాయి. కొండముచ్చు ఒకటి బిస్కెట్ కవరు నాకుతూ కూర్చుంది. నీళ్లు సీసాల అడ్డుకట్ట కింద నుంచి నల్లగా ఊరుతున్నాయి.

ఆ పోగులో ఆమెకు ఒక ఎర్ర కవరు కనిపించింది. కోడిపుంజు బొమ్మ ఉన్న టీపొడి. బస్టాండు మొత్తంలో ఆ రకం వాడేది ఆమె ఒక్కతే. పోటీ కొట్లకు తెలియకూడదని దిగువ పట్నం హల్ద్వానీ నుంచి విడిగా తెప్పించుకుంటుంది. ఒకటి కనిపించాక ఎటు చూసినా కోడిపుంజులే. రాళ్ల సందుల్లో, చెట్టు వేళ్లలో, నీళ్లలో. ఎండకు వెలిసినవీ, నిన్నటివీ. ఆమె వంగి ఒకటి తీసింది. తర్వాత ఇంకొకటి. ఖష్టీ కాసేపు చూసి, "ఊరుకో, చీకటి పడినా అయ్యేది కాదు" అని జబ్బ పట్టుకుని లేపింది. ఆ పొద్దు ఆమె గొంతు కాస్త మెత్తబడింది అప్పుడే.

దేవ్ సింగ్ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. చెల్లెల్ని చూసి తల దించుకుని పేనుతూనే ఉన్నాడు.

"దాజ్యూ."

"కూర్చో."

"నాకు ఒక్క మాట కబురు చేయొచ్చుగా."

"అర్జీ పెట్టాం. నువ్వు గెలవకముందూ పెట్టాం, గెలిచాకా పెట్టాం. మా చెల్లెలు కూర్చుంది, ఇక మనకేంటి అని ఊళ్లో అందరికీ నేనే చెప్పుకున్నాను."

"నా దాకా రాలేదు దాజ్యూ."

"నీ దాకా రావాలంటే ఎంత ఎక్కాలో మీ వదినని అడుగు."

 ఖష్టీ రాగి రొట్టె, వెన్న, ఇత్తడి చెంబుతో నీళ్లు పెట్టింది. నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయి. "ఈ నీళ్లు ఎక్కడివి బోజీ?" అంది బచులీ. ఖష్టీ గడ్డంతో లోయ అవతలి గుట్టను చూపించింది. పొద్దునా సాయంత్రం అంత దూరం వెళ్లి తెస్తున్నారు. బచులీ చెంబులో మిగిలిన నీళ్లు పారబోయకుండా మెల్లగా తాగేసింది. ఆ రాత్రి అక్కడే పడుకుంది. అన్నాచెల్లెళ్లు మళ్లీ మాట్లాడుకోలేదు. తెల్లవారి బయల్దేరుతుంటే, బాటలో పాము తిరుగుతోందని చెప్పి అన్న ఒక కర్ర మాత్రం చేతికిచ్చాడు.

పైకి వచ్చిన వారంలోనే పంచాయతీ సమావేశం పెట్టింది. లోయలో చెత్త వేయడం ఆపాలని ఆమె అంటే సభ్యులందరూ సరేనంటూ బల్లలు చరిచారు. సక్సేనా ఈ విషయంలో హుషారుగా ఉన్నాడు. చదువుకునే రోజుల్లో ఇలాంటి పని ఒకచోట దగ్గరుండి చూశాడట. తడి చెత్త ఎరువవుతుంది, పొడి చెత్త విడదీసి మూటకట్టే యంత్రం వస్తుంది, మూటలు కొనేవాళ్లు కింద పట్నాల్లో ఉన్నారు, పైనుంచి నిధులు కూడా తేవచ్చు అని వివరంగా చెప్పాడు. "కావలసిందల్లా షెడ్డుకు కాస్త చదునైన నేల" అన్నాడు.

అక్కడే అందరూ వెనక్కి తగ్గారు. ఒకరి వార్డులో బడి ఉంది. ఒకరి వార్డులో గోలూ దేవుడి గుడి ఉంది. ఇంకొకరు, "మంచు కొండలు చూడ్డానికి వచ్చినవాళ్లకు చెత్త కొండ చూపిస్తామా?" అన్నారు. ఊరు ఉన్నదే కత్తి అంచు లాంటి శిఖరం మీద. చదును నేల అంటే ఎవరో ఒకరి ఇంటి పక్కనే.

"మా ఇంటి వెనక ఆలుగడ్డల చేను ఉంది" అంది బచులీ. "రోడ్డు కూడా ఆనుకునే ఉంది. అక్కడ వేయండి."

డుంగర్ సింగ్‌కు ఈ సంగతి జీపు స్టాండులో తెలిసింది. ఇంటికి వచ్చేసరికి అతను ముఖం గంటు పెట్టుకుని ఉన్నాడు.

"మా అమ్మ రాళ్లు ఏరి చేసిన చేను అది. అందులో ఊరి పెంట పోస్తావా?"

"ఊరి పెంట మా అన్న గుమ్మంలో పోస్తున్నాను ఇన్నాళ్లూ. అది నీకు తెలుసు, నాకూ తెలుసు."

"ఊళ్లో ఇంకెవరికీ భూమి లేదా?"

"ఉంది. ఇస్తామన్నవాడి పేరు ఒక్కటి చెప్పు, రేపే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

 డుంగర్ చాలా రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాడు. 'చెత్త మొగుడు' అని తోటి డ్రైవర్లు ఏడిపిస్తే జీపు హారన్ మీద కసి తీర్చుకున్నాడు. అయినా కాగితాల మీద సంతకం పెట్టమంటే పెట్టాడు.

షెడ్డు లేచింది. లోయ అంచున కంచె వేశారు. అటు చెత్త వేస్తే జరిమానా అని బోర్డు కట్టారు. మొదటి జరిమానా ఎవరికి పడిందో ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. బోర్డు కట్టిన మర్నాడు పొద్దున బచులీ కొట్టు తెరిచి, టీ కాచి, ఏదో ఆలోచిస్తూ వెనక తలుపు తీసి గిన్నెలోని పిప్పి కంచె మీదుగా విసిరేసింది. చేతి అలవాటు. పక్క కొట్టులో మొక్కజొన్న పొత్తులు కాల్చే రామీ ఆమా, నడుము వంగిన ముసలావిడ, నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకుంది. బచులీ చేతులు తుడుచుకుని తిన్నగా ఆఫీసుకు వెళ్లి, సక్సేనాతో తన పేరు మీదే రసీదు రాయించింది. దాన్ని కొట్టు ముందు అందరికీ కనపడేలా అంటించింది.

చిన్న దుకాణాలు దారికి వచ్చాయి గాని, హోటళ్లవాళ్లు రాలేదు. సీజను మొదలైంది. కాఫల్ పళ్లు పండాయి, రోడ్లు కార్లతో నిండాయి. రోజుకు ఇన్ని గదులు శుభ్రం చేసేవాళ్లం, తడి వేరు పొడి వేరు అని కూర్చుంటే ఎలా అని ప్రతాప్ మెహరా తోటి యజమానులను కూడగట్టి బజారు బంద్ చేయించాడు. బస్టాండులో మీటింగు పెట్టి, "జగ్గులోంచి వచ్చిన రాజ్యం ఇలాగే ఉంటుంది" అన్నాడు. వచ్చిన యాత్రికులకు టీ దొరకలేదు, అన్నం దొరకలేదు. బచులీ తన కొట్టు తెరిచే ఉంచింది. వచ్చినవాళ్లకు వండి పెడుతూ, తిన్న ప్లేటు ఏ డబ్బాలో వేయాలో చెబుతూ నిలబడింది. కొందరు హోటలు కుర్రాళ్లు ఆమె ముందే సంచులు తెచ్చి కంచె అవతలికి గిరాటేసి పోయారు. ఆమె రసీదులు రాయించి పంపింది. అవి చింపి పంపారు.

ఆ రోజుల్లోనే చిరుత వచ్చింది. మెహరా హోటలు వెనక చెత్త కుప్ప మీద వీధికుక్కలు మూగేవి. ఒకరోజు ఇంకా పొద్దు వాలకముందే, వంటింటి గుమ్మంలో పడుకున్న పెంపుడు కుక్కను చిరుత నోట కరుచుకుపోయింది. రెండు బారల దూరంలో గిన్నెలు తోముతున్న ఆడమనిషి హడలిపోయి అక్కడే కూలబడింది. కమల పరిగెత్తుకొచ్చి ఆమెను ఒళ్లోకి తీసుకుంది. అటవీశాఖ ఉద్యోగి వచ్చి అడుగుజాడలు చూశాడు. "కుప్ప కోసం కుక్కలు, కుక్కల కోసం ఇది. బోను పెట్టి దీన్ని తీసుకుపోతాను. కుప్ప ఉంటే ఇంకోటి వస్తుంది" అన్నాడు.

మర్నాడు బజారు మధ్యలో జనం ఒక దృశ్యం చూశారు. కమలా మెహరా పట్టుచీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, రెండు చేతుల్లో రెండు బకెట్లతో నడిచి వస్తోంది. ఒకదాంట్లో కూరల తొక్కలు, రెండోదాంట్లో సీసాలు. వెనక హోటలు పనివాళ్లు ఇంకొన్ని పట్టుకుని వస్తున్నారు. షెడ్డు దగ్గర బచులీ ఎరువు గుంట తిరగేస్తోంది.

"ఎక్కడ పోయాలి ఇవి?" అంది కమల.

"తడిది ఇక్కడ. సీసాలు అక్కడ. నువ్వు మోసుకు రావాలా? బండి పంపేదాన్నిగా."

"బండి వస్తే ఎవరికి కనపడుతుంది?" కమల బకెట్లు దించి చేతులు చూసుకుంది. "జగ్గులో నా పేరే వచ్చి ఉంటే ఆ కుర్చీలో ఆయన కూర్చునేవాడు. నేను ఇంట్లో కూర్చునేదాన్ని. అది తలుచుకుంటే, ఓడిపోయినందుకు ఏడవాలో వద్దో తెలియడం లేదు."

"ఇంట్లో ఏమంటారో?"

"అననీ. వంటిల్లు నాది. వంటింట్లోంచి వచ్చేదీ నాదే."

సాయంత్రానికి రెండు దుకాణాలు సగం షట్టర్లు ఎత్తాయి. రెండు రోజులకు బంద్ ఎవరూ ప్రకటించకుండానే ముగిసిపోయింది. ప్రతాప్ మెహరా కొన్నాళ్లు బజారులో కనపడలేదు.

వానలు పడకముందే లోయ శుభ్రం చేయాలని బచులీ తొందరపడింది. వాన వస్తే ఉన్నదంతా మళ్లీ సునోలీ నెత్తినే పడుతుంది. పైనుంచి ఊరివాళ్లు నడుముకు తాళ్లు కట్టుకుని దిగారు. సక్సేనా కూడా దిగాడు; దిగి, పైకి రావడానికి ఇద్దరు లాగాల్సి వచ్చింది. కింద నుంచి సునోలీవాళ్లు బుట్టలతో ఎక్కారు. మధ్యలో, వాగు మలుపు దగ్గర, రెండు గుంపులూ కలిశాయి. దేవ్ సింగ్ నీళ్లలో మోకాళ్ల దాకా దిగి సీసాల అడ్డుకట్ట గడ్డపారతో పొడుస్తున్నాడు. అది తెగి నీళ్లు ఒక్కసారి దూకాయి. బచులీ పాదాలు తడిశాయి. దేవ్ సింగ్ గడ్డపార చేతులు మార్చుకుని, "జీపు రోడ్డు ఉండగా ఈ వయసులో తాడు పట్టుకు దిగడం ఏంటే? పడితే మాకు పని కదా" అన్నాడు. చైత్రం తర్వాత అతను ఆమెతో అన్న మొదటి మాట అది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటే అనుకున్నారు చూసినవాళ్లు.

మూటలు పట్నానికి పంపడం మొదట కష్టమైంది. లారీవాళ్లు చెత్త అనగానే తల అడ్డంగా తిప్పారు. ఒకరోజు డుంగర్ సింగ్ తనంతట తానే షెడ్డు ముందు జీపు ఆపి, పైకెక్కి తాళ్లు విప్పాడు. "కిందికి పోయేటప్పుడు ఎలాగూ బండి ఖాళీ. ఎత్తండి" అన్నాడు. ఆ తర్వాత అతన్ని చెత్త మొగుడు అన్నవాడికి అతనే జవాబు చెప్పుకున్నాడు. "అవున్రా, నీ ఇంటిది కూడా మోస్తున్నాను. టిప్పివ్వు."

సునోలీ ఆడవాళ్లు అవతలి గుట్టకు వెళ్లడం మానడానికి ఇంకో రెండు వానాకాలాలు పట్టింది. మొదట పశువులు తాగాయి. తర్వాత బట్టలు ఉతికారు. వాగు పక్క ఊట దగ్గర నీళ్లు పరీక్ష చేయించి, బాగున్నాయని సక్సేనా కబురు పంపాక కూడా ఖష్టీ ముందు తను తాగి, ఒక రోజు ఆగి, అప్పుడు ఇంటిల్లిపాదికీ పట్టింది.

ఐదేళ్లు గడిచాయి. ఈసారి అధ్యక్ష స్థానానికి కేటాయింపు లేదు, ఆడా మగా ఎవరైనా నిలబడవచ్చు. బచులీ మళ్లీ నిలబడింది. రిటైరైన మాస్టారు హీరాబల్లభ్ జోషీ గెలిచాడు. చదువు చెప్పిన మాస్టారు ఇంటింటికీ వచ్చి అడిగితే ఎవరు కాదనగలరు? ఓడిన సాయంత్రం ఆమె బాధపడలేదని చెప్పలేం. కొట్టు మూసి, పొయ్యి ముందు ఒక్కతే కూర్చుంది. ఐదేళ్లలో చేయలేకపోయినవి గుర్తొచ్చాయి. ఆసుపత్రికి అంబులెన్సు, పై వార్డుకు మెట్ల దారి. మర్నాడు మాస్టారు ఇంటికి వెళ్లి, మెడలో బంతిపూల దండ వేసి, మెట్ల దారి సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పి వచ్చింది.

ఆ శ్రావణంలో వాన తెరిపి లేకుండా కురిసింది. తెల్లవారుజామున పెద్ద చప్పుడైతే డుంగర్, ఆమె బయటికి పరిగెత్తారు. షెడ్డు కింది గట్టు గోడ ఉబ్బి, మధ్యకు విరిగిపోయింది. ఎరువు కుప్ప, కట్టిన మూటలు అంచుకు ఒరిగి ఉన్నాయి. ఇంకో జల్లు గట్టిగా పడితే అన్నీ వాగులోకే. ఆమె ఎవరికీ ఫోను చేయలేదు. చేయడానికి ఆమె ఇప్పుడు ఎవరు? పార తీసుకుంది. డుంగర్ టార్పాలిన్ పట్టాడు.

ముందు రామీ ఆమా గోనెసంచి నెత్తిన కప్పుకుని వచ్చింది. ఆ వెనక కూరగాయల ఆడవాళ్లు. కమల హోటలు పనివాళ్లందరినీ వెంటబెట్టుకు వచ్చింది. చివర ప్రతాప్ మెహరా, ఎవరి ముఖమూ చూడకుండా, చేతిలో గడ్డపారతో. పొద్దెక్కేసరికి కింద నుంచి దేవ్ సింగ్, రాతి గోడ పేర్చడం తెలిసిన నలుగురితో ఎక్కి వచ్చాడు. కొత్త అధ్యక్షుడు మాస్టారు గొడుగు వేసుకుని వచ్చి, ఆఫీసు నుంచి ఉత్తర్వు రాయిస్తాను, ఇంకా ఏం చేయాలో చెప్పమ్మా అన్నాడు.

"గొడుగు మడిచి అటు పెట్టి, ఆ రాయి ఇలా అందించండి మాస్టారూ" అంది బచులీ. "పెద్దది కాదు, ఆ పక్కది. నడుము జాగ్రత్త."

మాస్టారు గొడుగు మడిచి, పంచె పైకి కట్టి, రాయి ఎత్తాడు. అది చేతులు మారుతూ ప్రతాప్ దాకా వెళ్లింది. అతను దాన్ని దేవ్ సింగ్‌కు అందించాడు. దేవ్ సింగ్ అటూ ఇటూ తిప్పి చూసి, మొదటి వరసలో కుదిరేలా కూర్చోబెట్టాడు. గోడ నడుము ఎత్తు లేచేదాకా ఆ రోజు బచులీ కొట్టు తెరుచుకోలేదు. పొద్దుటి బస్సు దిగినవాళ్లు టీ కోసం వెతుక్కుంటూ అక్కడికే వచ్చి, కాసేపు చూసి, ఒక్కొక్కరుగా సంచులు దించి వరసలో నిలబడ్డారు.